అప్‌డేట్: రెండో విడతలో మా చెల్లికి ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) వచ్చింది

తెలంగాణ ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ మొదటి విడతలో మా చెల్లికి సివిల్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది, ఫీజు కట్టి ఉంచుకోవాలా, వదిలేసి రెండో విడతకు వెళ్లాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. "ముందు ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నామని నిర్ధారించడం) చేసేయండి" అన్న సలహానే పాటించాం. గడువులోగా అది చేయకపోతే వచ్చిన సీటు రద్దవుతుంది. ఆ టెన్షన్ తీరాకే రెండో విడత ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచీలు వరుసగా పెట్టడానికి కూర్చున్నాం.

అసలు జాగ్రత్త అంతా ఇక్కడే. రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది. అందుకని సివిల్ కంటే నిజంగా మేలనుకున్నవే పెట్టాం. ప్రతి ఆప్షన్ దగ్గరా నాన్న "ఇది వస్తే చేరతావా అమ్మా?" అని అడిగారు. చెల్లి తడబడితే దాన్ని తీసేశాం. గత ఏడాది ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో ఆ చివరి ర్యాంకులు చూశాం గానీ, వాటికి భయపడి తను ఆశపడ్డ కాలేజీని కిందికి దించలేదు. పైన పెట్టినంత మాత్రాన నష్టం లేదు, అది రాకపోతే తర్వాతి ఆప్షన్ చూస్తారు.

చివరికి తను కోరుకున్న ఈసీఈ వచ్చింది. ఇంట్లో అందరం చాలా సంతోషంగా ఉన్నాం. జవాబిచ్చిన అందరికీ, ముఖ్యంగా సెల్ఫ్ రిపోర్టింగ్ గడువు గుర్తుచేసినవారికి మనస్ఫూర్తిగా థ్యాంక్స్.