వెనక చక్రాల బండితో డ్రిఫ్ట్ నేర్చుకోడానికి రైస్ మిల్లు కళ్లం సరిపోద్దా?

పాలకొల్లు320
అందరికీ నమస్కారమండీ. వెనక చక్రాలు కావాలని జార్చి బండిని అడ్డంగా తిప్పడం, అదే డ్రిఫ్ట్, నేర్చుకోవాలనుంది. ఇంజన్ బలం వెనక చక్రాలకే పోయే బండి నాది. బండి ఈ90 బీఎండబ్ల్యూ 320డి, 2010 మోడల్, 177 హార్స్‌పవర్, ఆటోమేటిక్. డిఫరెన్షియల్ (మలుపులో రెండు వెనక చక్రాల్నీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) కంపెనీదే. వెనక రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) అరగడానికి వచ్చాయి. మా బాబాయి మిల్లు వెనకాల ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది, సుమారు 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు. దాళ్వా ధాన్యం ఎత్తేశారు, సార్వా వచ్చేదాకా ఖాళీయే. పొడవు దిక్కున ఒక చివర మిల్లు గోడ, ఇంకో చివర పంట బోదె, రెండు పక్కలా చేలు. డిఫరెన్షియల్ వెల్డింగ్ చేయించమని ఒకరు, హ్యాండ్‌బ్రేక్ లాగితే చాలని ఒకరు. ఎక్కడ మొదలెట్టాలి?

బోదెగట్టు
చోటు సరిపోద్దండీ. కళ్లం నడిమధ్యన కోన్ పెట్టి 7, 8 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే చేల వైపు 12 మీటర్లు మిగులుద్ది. 25 కిలోమీటర్ల వేగంలో జారే బండి తడి సిమెంటు మీద ఆగడానికి అది చాలు.

గోడకన్నా చేలకి భయపడండి. అడ్డంగా జారే బండి చక్రం సిమెంటు అంచు దిగి నానిన నల్లమట్టిలో పడితే చక్రం అక్కడే ఇరుక్కుంటుంది, పైన బాడీ మాత్రం ఆగదు. పల్టీకి ఇరవై ముప్పై కిలోమీటర్ల వేగం చాలు. అందుకని అంచుకి నాలుగు మీటర్లు లోపలగా ఊక బస్తాలు వరసగా పెట్టించండి, మీ మిల్లులో వాటికి కరువేముంది! వాటిమీద బరకం కప్పండి, నానితే రాళ్లంత బరువెక్కుతాయి. బండి బస్తాని తాకిందంటే ఆ రోజుకి ఆపేయడమే.

కళ్లం ముందు ఊడిపించండి. మిగిలిన ధాన్యం గింజలు టైరు కింద బేరింగ్ గుండ్లలా దొర్లుతాయి. పాచి పట్టిన చోట్ల బ్లీచింగ్ చల్లి రుద్దించండి. ఒకచోట జారి ఒకచోట పట్టుకునే నేల మీద కాలుకి ఏమీ అలవాటవదు. తర్వాత మోటారు పైపుతో అంతా సమంగా తడపండి. తడి మీద వేగం తక్కువ, టైరు ఖర్చు తక్కువ.

బండి జారకుండా తనంతట తానే ఆపే ఏర్పాటు డీఎస్‌సీ. డీటీసీ బటన్ ఒకసారి నొక్కి వదిలితే అది సగమే ఆఫ్ అవుద్ది. మూడు సెకన్లకు పైగా నొక్కి పట్టుకోండి, పసుపు దీపం వెలిగాకే డీఎస్‌సీ పూర్తిగా పోయినట్టు. గేరు మాన్యువల్‌లో మొదటిది. రెండోదాన్లో 20 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ దాదాపు 1000 ఆర్‌పీఎంలో (నిమిషానికి చుట్లు) నీరసంగా ఉంటుంది, మొదటిదాన్లో అదే వేగానికి 1750 దాకా వస్తుంది. మీ డీజిల్ బలమంతా అక్కడే మొదలు.

సీటుకి వీపు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. హెల్మెట్, బెల్టు తప్పనిసరి.

మొదటి రోజు డ్రిఫ్ట్ జోలికి పోవద్దు. కోన్ చుట్టూ తిరుగుతూ వేగం కొద్దికొద్దిగా పెంచండి. ఒకచోట ముందు చక్రాలు జారి బండి వృత్తం దాటి బయటికి పోతుంది. స్టీరింగ్ ఇంకా తిప్పినా లాభం ఉండదు, యాక్సిలరేటర్ తగ్గిస్తేనే ముక్కు లోపలికి వస్తుంది. అది పది పన్నెండుసార్లు చూశాక, అదే వృత్తంలో యాక్సిలరేటర్ సగానికి ఒక్కసారి నొక్కండి. వెనక జారడం కంటికన్నా ముందు నడుముకి తెలుస్తుంది. ఆ క్షణంలో స్టీరింగ్ మీద పట్టు సడలించండి. ముందు చక్రాలు జారే దిక్కుకి వాటంతట అవే తిరుగుతాయి. స్టీరింగ్ అరచేతుల్లోంచి దొర్లనిచ్చి, సరిపడా తిరిగాక పట్టుకోవడమే మీ పని. చూపు బానెట్ మీద కాదు, పోవాల్సిన చోట.

కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు భయపడి కాలు ఠక్కున ఎత్తేయడం. వెనక టైర్లకి ఒక్కసారిగా పట్టు దొరికి బండి రెండో పక్కకి విసిరేస్తుంది, మొదటి జారుడుకన్నా గట్టిగా. సగం తగ్గించండి, పూర్తిగా వదలొద్దు. బండి తిరిగిపోయిందా, ఇక ఆపగలనని ఆశపడొద్దు: బ్రేక్ పూర్తిగా తొక్కి ఆగేదాకా ఉంచండి.

హ్యాండ్‌బ్రేక్ గొడవ వదిలేయండి. ఈ బండికి అది వెనక డిస్కు లోపలుండే చిన్న డ్రమ్ము. దాంతో జారుడు మొదలెట్టొచ్చు గానీ నిలబెట్టడం మాత్రం కాలితోనే రావాలి.

టైరు_పానా
వెల్డింగ్ వద్దే వద్దు. వెల్డ్ చేస్తే రెండు వెనక చక్రాలూ మలుపులో కూడా ఒకే వేగంతో తిరగాలి. ఇంటికెళ్లే దారిలో ప్రతి మలుపుకీ ఒక టైరు ఈడ్చుకుపోద్ది, యాక్సిల్ షాఫ్ట్ మీద ఒత్తిడి పడుద్ది, వానలో బండి మలుపు తిరక్కుండా తిన్నగా పోద్ది.

మీకున్న కంపెనీ డిఫరెన్షియల్, అంటే ఓపెన్ డిఫరెన్షియల్‌తో ఉన్న చిక్కు ఏంటంటే, బరువు తగ్గిన లోపలి చక్రం ఒక్కటే గిర్రున తిరిగి లోపల చిన్న గేర్లు వేడెక్కుతాయి. తడి నేల మీద రెండు చక్రాలూ తేలిగ్గా జారతాయి కాబట్టి మొదట్లో పర్వాలేదు. అర నిమిషం జార్చి రెండు నిమిషాలు ఆపండి, డిఫరెన్షియల్ ఆయిల్ మార్పించండి. చేయి తిరిగాక క్లచ్ ప్లేట్ల ఎల్‌ఎస్‌డీ (ఒక్క చక్రమే గిర్రున తిరగకుండా ఆపే డిఫరెన్షియల్) గురించి ఆలోచిద్దురుగాని.

రన్‌ఫ్లాట్ పక్కలు బిరుసు, పట్టు వదిలితే చెప్పాపెట్టకుండా వదులుద్ది. నేర్చుకోడానికి వెనక మామూలు టైర్లు మేలు. ఏ టైరైనా లోపలి అంచు తడిమి చూడండి, ఈ బండి వెనక టైర్లు ముందు అక్కడే అరుగుతాయి. తీగ చేతికి తగిలితే అవతల పారేయండి. పక్కన నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటినవి వద్దు. గాలి చల్లగా ఉన్నప్పుడు ముందు 32, వెనక 40 పీఎస్‌ఐ. వీల్ బోల్టులు 120 న్యూటన్ మీటర్లకి బిగించి, పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి.

మీది ఎన్47 ఇంజన్. దాని టైమింగ్ చైన్ (ఇంజన్ వాల్వుల్ని లెక్కప్రకారం నడిపే గొలుసు) వెనక పక్క, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అక్కడ గలగల శబ్దం వస్తుంటే డ్రిఫ్ట్ మాట మర్చిపోయి ముందు చైన్ చూపించండి.

నర్సాపురం_బైపాస్
గురూ, రొయ్యల మేత బస్తాలు మోసే మా ఓమ్నీ కూడా వెనక చక్రాల బండే కదా, దాంతో నేర్చుకోవచ్చా?

టైరు_పానా
వెనక చక్రాల బండే గానీ సన్నగా, ఎత్తుగా ఉంటుంది. జారేలోపే ఒరుగుద్ది. మేత మోయనివ్వండి పాపం.

కాలవ_లాకులు
రోడ్డు మీద, ముఖ్యంగా కాలవగట్టు మీద ఈ సరదా వద్దు తమ్ముడూ. మోటారు వాహనాల చట్టం 184 (ప్రమాదకరంగా నడపడం), 189 (రేసింగ్) సెక్షన్లు ఒకెత్తు, గట్టు దిగితే నేరుగా కాలవే. బీమా పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వాడకం మినహాయింపుల్లో ఉంటుంది, కళ్లంలో కూడా బండి దెబ్బ మీ జేబుకే.

పాలకొల్లు320
అందరికీ ధన్యవాదాలండీ. ఊక బస్తాలు, మామూలు టైర్లు అన్నీ పెట్టి చేస్తే వెనక జారుతోంది, స్టీరింగ్ కూడా తిరుగుతోంది. కానీ పావు చుట్టు కాగానే జారుడు ఆగి బండి తిన్నగా బయటికి పోతోంది. ఎక్కడ తప్పు?

బోదెగట్టు
రెండిట్లో ఒకటి. జారగానే యాక్సిలరేటర్ ఎక్కువ తగ్గిస్తున్నారు, లేదా స్టీరింగ్ అవసరానికి మించి ఎదురు తిప్పి అక్కడే బిగించి పట్టుకుంటున్నారు. ఫోను వెనక సీటు మధ్య నుంచి స్టీరింగ్, టాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే మీటరు) కనపడేలా గట్టిగా బిగించి రికార్డ్ చేయండి. ముల్లు 2000 కిందకి పడుతుంటే కాలు తప్పు. ముల్లు నిలబడే ఉంటే చేయి తప్పు, ఎదురు తిప్పిన స్టీరింగ్ కొంచెం కొంచెంగా మధ్యకి రానివ్వండి.

రెండు వైపులా మూడేసి పూర్తి చుట్లు ఆగకుండా వచ్చాక కళ్లం పొడవునా 22 మీటర్ల ఎడంగా రెండు కోన్లు పెట్టి ఎనిమిది అంకె మొదలెట్టండి. గోడ, బోదె చివర్లలో కూడా బస్తాలు పేర్పించండి. రెండు వైపులా చుట్లు ఒకేసారి కుదరవు. కుదరని వైపుకి ఎక్కువ సమయం పెట్టుకోండి.