అమెరికాలో మాల్స్ మూతపడటానికి ఆన్‌లైన్ అమ్మకాలే కారణమా?

ప్రశ్న:
ఒకప్పుడు శనివారం వచ్చిందంటే కుటుంబాలతో కిటకిటలాడిన అమెరికన్ మాల్స్ ఇప్పుడు చాలాచోట్ల పాడుబడి ఉన్నాయి. ఒహాయోలో 1976లో తెరిచిన రాండాల్ పార్క్ మాల్‌ను కూల్చేసిన చోట అమెజాన్ గిడ్డంగి వెలిసింది. ఆన్‌లైన్ అమ్మకాలే మాల్స్‌ను మింగేశాయనడం సబబేనా, లేక లోపం మొదటినుంచీ ఉందా?

మొదటి జవాబు:
లోపం మొదటినుంచీ ఉందనే నేను గట్టిగా నమ్ముతాను. కొత్త వాణిజ్య భవనాల తరుగుదలను, అంటే పాతబడేకొద్దీ తగ్గే విలువను ఖర్చుగా, తొలి ఏళ్లలోనే ఎక్కువగా చూపుకునే వీలును 1954 నాటి పన్ను చట్టం కల్పించింది. దాంతో అద్దెలు బాగా వస్తున్నా లెక్కల్లో నష్టం చూపి, ఇతర ఆదాయం మీద పన్ను తగ్గించుకోగలిగిన మదుపరులు, చుట్టుపక్కల కొనుగోలుదారులు తగినంతమంది ఉన్నారో లేదో పట్టించుకోకుండా, ఊరి బయట చౌకగా దొరికిన భూముల్లో మాల్స్ కట్టించారు. 1956 నాటి రహదారుల చట్టం ఆ భూములకు కార్లను చేర్చింది. అదే ఏడాది మినెసోటాలో తెరిచిన సౌత్‌డేల్ మాల్‌ను రూపొందించిన విక్టర్ గ్రూయెన్, దాని చుట్టూ ఇళ్లు, బడులు, వైద్య కేంద్రం, ఉద్యానవనం రావాలని ఆశించాడు. దేశమంతా అనుకరించింది మాత్రం దుకాణాలనూ, వాటి చుట్టూ పరుచుకున్న పార్కింగ్ స్థలాన్నీ.

రెండో జవాబు:
పై జవాబుకు ఒక్క మాట చేర్చాలి. మాల్‌కు రెండు చివరలా సియర్స్, జేసీపెన్నీ వంటి పెద్ద దుకాణాలు ఉండేవి. జనాన్ని రప్పించేది అవే కాబట్టి వాటికి అద్దె నామమాత్రం. అసలు భారం మధ్యలోని చిన్న దుకాణాలది. అందుకే పెద్ద దుకాణం మూతపడితే అద్దె తగ్గించుకునే హక్కును, లేదా ఖాళీ చేసే హక్కును, చిన్నవాళ్లలో చాలామంది ఒప్పందంలో ముందే రాయించుకునేవారు. 2018లో సియర్స్ దివాలా తీసినప్పుడు అనేక మాల్స్‌కు దెబ్బ ఒక్క దుకాణంతో ఆగకపోవడానికి ఈ షరతే ముఖ్య కారణం. ఆన్‌లైన్ అమ్మకాలు బలహీనమైన గోడను నెట్టాయి, అంతే.

మూడో జవాబు:
వ్యాపారం సంగతి సరే, జనం కోల్పోయినదాన్ని కూడా చూడండి. దుకాణాలు తెరవకముందే వచ్చి, చలికీ మంచుకూ భయపడకుండా నడిచే వృద్ధులకు మాల్ వీధితో సమానం. అయినా అది ప్రైవేటు ఆస్తే. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ కరపత్రాలు పంచినవారిని మాల్ యజమాని అడ్డుకోవచ్చని 1972లో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్ర రాజ్యాంగం జనానికి ఇంతకంటే విశాలమైన హక్కు ఇవ్వవచ్చని 1980లో కాలిఫోర్నియా కేసులో ఒప్పుకుంది. కాబట్టి ఖాళీ అయిన స్థలంలో గిడ్డంగికి అనుమతి ఇచ్చేముందు, జనం ఉచితంగా కూర్చోగల చోటు కొంతైనా వదలాలని నగర మండళ్లు షరతు పెట్టాలి.