తెవికీలో వారానికి మూడు వ్యాసాలు: క్రమం తప్పకుండా రాయడం ఎలా?

మంజీరతీరం:
తెలుగు వికీపీడియాలో నీటిపారుదల మీద రాస్తున్నాను: చెరువులు, ఆనకట్టలు, వాటిని కట్టించిన ఇంజనీర్లు. వారానికి మూడు వ్యాసాలు అనుకుంటాను. మొదటి వారం బాగానే సాగుతుంది, మూడో వారానికి చతికిలబడుతుంది. రాత్రిపూట గంట తీరిక దొరుకుతుంది. మూలాలు వెతికేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతోంది. బుక్‌మార్కులు గుట్టలుగా ఉన్నాయి, ఏది దేనికో గుర్తుండదు. సగం రాసిన ముక్కలు కొన్ని ఫోను నోట్సులో, కొన్ని వర్డ్ ఫైళ్ళలో. దీన్నంతా ఒక దారిలో పెట్టేదెలా? ఇందుకేమైనా యాప్ ఉందాండీ?

మూలాలపెట్టె:
యాప్ అక్కర్లేదండీ. వెతకడం, రాయడం రెండూ ఒకే గంటలో పెట్టుకున్నారు, చిక్కంతా అక్కడే. విడగొట్టండి. ఆదివారం రెండు గంటలు వెతుకులాటకే. ఆ పూట ఒక్క వాక్యం కూడా రాయొద్దు. మిగతా రోజుల్లో రాయడమే, గూగుల్ తెరవొద్దు.

మీ వాడుకరి పేజీ కింద "వరస" అని ఒక ఉపపేజీ తెరవండి. ఫోనులోనూ కంప్యూటర్లోనూ అదే కనబడుతుంది. అందులో నాలుగు గడుల పట్టిక చాలు: విషయం, మూలం, పేజీ నంబరు, ఇంకా దొరకనిది. ఒక వరస ఇలా ఉండాలి: "అలీ నవాజ్ జంగ్ / ఫలానా పుస్తకం / పే. 41–46 / పుట్టిన తేదీకి రెండో మూలం లేదు". పేజీ నంబరు లేకపోతే ఆ వరస సిద్ధమైనట్టు కాదు. మూడొందల పేజీల పీడీఎఫ్ లింకు ఒక్కటే పెట్టుకుంటే, రాద్దామని కూర్చున్న రాత్రి కథ మళ్ళీ మొదటికొస్తుంది. స్కాన్ పుస్తకాల్లో ఇంకో తిరకాసుంది. ముందుమాటా విషయసూచికా కలవడం వల్ల పీడీఎఫ్ చూపే నంబరూ పుస్తకంలో అచ్చయిన నంబరూ ఒకటి కావు. రెండూ రాసుకోండి. వ్యాసంలో ఇవ్వాల్సింది మాత్రం అచ్చయినదే.

ఒకదాన్ని చూసి ఇంకొకటి రాయని మూలాలు రెండైనా ఉంటే తప్ప విషయాన్ని వరసలోకి రానివ్వకండి. ఎప్పుడూ ఆరు వరసలు సిద్ధంగా ఉంటే, ఒక ఆదివారం పెళ్ళికో పేరంటానికో పోయినా బండి ఆగదు.

ఇంకోటి: వ్యాసాన్ని బట్టి వెతక్కండి, మూలాన్ని బట్టి వెతకండి. నిజాంసాగర్ నిర్మాణం (1923–31) మీద మంచి అధ్యాయం ఒకటి దొరికిందనుకోండి. అది ఒక్క వ్యాసంతో అయిపోదు. కట్టించిన అలీ నవాజ్ జంగ్‌కి, మంజీర నదికి, ఆ ఆయకట్టు చెరకుకి, బోధన్‌లో 1937లో వెలసిన చక్కెర కర్మాగారానికి, అన్నిటికీ తలా కొంత పనికొస్తుంది. చదువుతున్నప్పుడే ఆయా వరసల్లో పేజీ నంబర్లు వేసేయండి.

వార్తల లింకు దొరగ్గానే, వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచి ఆ లింకూ పక్కన పెట్టుకోండి. జిల్లా వార్తల పేజీలు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి.

ఎర్రలింకు:
పైవారి పట్టిక బాగుంది. సగం రాసిన ముక్కల సంగతి నేను చెబుతాను.

అన్నీ వికీలోని మీ ప్రయోగశాలకే (చిత్తులు రాసుకునే సొంత పేజీ) చేర్చండి, ఒక్కో వ్యాసానికి ఒక్కో ఉపపేజీ. వర్డ్ ఫైళ్ళు అను ఫాంట్లలో కొట్టినవైతే నేరుగా అతికించొద్దు. అది వికీ వాడే యూనికోడ్ కాదు గనక పిచ్చిగీతలు పడతాయి, ముందు మార్చుకోవాలి. చిత్తులో వర్గాలు పెడితే చిత్తు కూడా ఆ వర్గంలో కనబడుతుంది. అందుకని [[:వర్గం:చెరువులు]] అని ముందు కోలన్ పెట్టి, ప్రచురించేటప్పుడు తీసేయండి. సగం వ్యాసాన్ని ప్రధానబరిలో (అసలు వ్యాసాలుండే చోట) పెట్టి పైన "నిర్మాణంలో ఉంది" మూస (ముందే తయారుగా ఉండే నమూనా) తగిలించే అలవాటు మాత్రం వద్దు. ఎన్ని పేజీలు ఆ బోర్డుతో అలాగే పడున్నాయో చూస్తూనే ఉన్నాంగా.

ఎంత రాశామన్నది బైట్లలో కొలవకండి. తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటి 3 బైట్లు. "స్త్రీ" ఒక్కటే 18 బైట్లు. 2,048 బైట్లంటే ఘనంగా వినబడుతుంది గానీ, ఎనభై తొంభై పదాలకు మించదు. మూలాల మూసలు పెట్టాక అందులో అసలు విషయానికి మిగిలేది ఇంకా తక్కువ. రాత్రికి 120 పదాలు, రెండు రాత్రులకో వ్యాసం అనుకుంటే వారానికి మూడు తేలిగ్గా పూర్తవుతాయి, ఒక రాత్రి మిగులుతుంది కూడా.

మంజీరతీరం:
ధన్యవాదాలండీ, పట్టిక ఈ ఆదివారమే మొదలెడతాను. వారం లెక్క కాకుండా రోజుకొకటి అని పెట్టుకుంటే ఊపు ఉంటుందేమో? 100 వికీడేస్ లాగా.

పొద్దుటిరాత:
నా ఓటు వారం లెక్కకే. 100 వికీడేస్ 2015లో బల్గేరియన్ వికీ నుంచి మొదలైన సవాలు. వంద రోజులు రోజుకో కొత్త వ్యాసం, ఒక్కరోజు తప్పినా మళ్ళీ ఒకటి నుంచి. కరెంటు పోయినా జ్వరమొచ్చినా తప్పినట్టే. ఆ భయంతో రాత్రి పదకొండున్నరకి నాలుగు వాక్యాల మొలకలు పుట్టుకొస్తాయి. తర్వాత వాటిని పెంచే నాథుడుండడు. మీరు ఎంచుకున్న చెరువులు, ఆనకట్టల్లో ఆయకట్టు ఎకరాలు, గేట్ల సంఖ్య, నిల్వ సామర్థ్యం లాంటివి రెండు మూలాల్లో రెండు రకాలుగా ఉంటాయి. హడావిడిలో మొదట దొరికిందే వేసేస్తాం. తేడా ఉంటే ఏ సంవత్సరపు లెక్కో చెబుతూ రెండూ ఇవ్వాలి, దానికి నిదానం కావాలి.

వీక్షణ జాబితా (మీరు గమనించే పేజీల్లో మార్పులు చూపేది), నోటిఫికేషన్లు రాత అయ్యాకే తెరవండి. ముందు తెరిస్తే ఎవరో చర్చ పేజీలో పెట్టిన ప్రశ్నకి జవాబిస్తూ ఆ గంట అక్కడే పోతుంది.

ప్రచురించిన రోజే ఇంకో పది నిమిషాలు కూర్చుని వర్గాల కోలన్లు తీయండి, వికీడేటాలో (వేర్వేరు భాషల వికీ వ్యాసాలను కలిపే చోటు) ఇంగ్లీషు వ్యాసానికి కలపండి, కనీసం మూడు పాత వ్యాసాల నుంచి కొత్తదానికి లింకు ఇవ్వండి. ఆ ఊరి పేజీ, మండలం పేజీ, నది పేజీ అయితే సరిగ్గా సరిపోతాయి. పట్టికలో ఆ వరస అప్పుడు కొట్టేయండి, అంతకు ముందు కాదు.