ఒక మోకాలి ఆపరేషన్‌లో ధమని మూసుకుపోయింది, రెండో మోకాలికి ఏం చేయాలి?

అమ్మకు 67 ఏళ్లు, 15 ఏళ్లుగా షుగర్. నాలుగు నెలల కిందట కుడి మోకాలు మార్చారు. ఆపరేషన్ అయిన నాలుగు గంటలకు పాదం పట్టుకుంటే చల్లగా తగిలింది, గోళ్ల కింద పాలిపోయి ఉంది, వేళ్లు కదపలేకపోయింది. మత్తు ఇంకా దిగలేదన్నారు. పట్టుబట్టి డాప్లర్ పెట్టిస్తే పాదంలో నాడి దొరకలేదు. సీటీ యాంజియోలో మోకాలి వెనక ధమని గడ్డకట్టి మూసుకుపోయిందని తేలింది. అదే రాత్రి ఎడమ తొడ నుంచి సిర తీసి బైపాస్ వేశారు. కాలు దక్కింది, మాకు అదే పదివేలు.

ఇప్పుడు ఎడమ మోకాలు అరిగిపోయి రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వడం లేదు. రెండు నెలలు ఫిజియోథెరపీ చేయించాం, నీక్యాప్ వేశాం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మూడు వారాలే పనిచేసింది. ఆ కాలికి ఏబీఐ (చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష) 0.7 వచ్చింది, 0.9 కన్నా తగ్గితే రక్తం సరిగా పారట్లేదని లెక్క. తొడకు టోర్నికే (ఆపరేషన్‌లో రక్తం ఆపే పట్టీ) బిగించకుండా మోకాలు మారుస్తానని ఎముకల డాక్టరు అంటున్నారు. ముందు యాంజియో చేసి అడ్డు తీయాలంటారు రక్తనాళాల డాక్టరు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అందుకే తేల్చుకోలేకపోతున్నాం.

ఇలా ఒక కాలికి జరిగాక రెండో మోకాలు మార్పించుకున్నవాళ్లు ముందు రక్తనాళం బాగుచేయించుకున్నారా, టోర్నికే లేకుండా నేరుగా ఆపరేషన్‌కే వెళ్లారా?