బొమ్మల కుటుంబం పేరు మీద నడిచే టోక్యో పేటలో కాపురం ఉండవచ్చా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)
నమస్కారం. మావారికి టోక్యోలోని షిబుయాలో రెండేళ్ల ఉద్యోగం ఖరారైంది. సెటగాయ వార్డులోని సకురా-షిన్‌మాచిలో ఇల్లు చూసుకొమ్మని అక్కడివారు చెబుతున్నారు. ఆ పేటలో ఎటు చూసినా ‘సజాయె-సాన్’ అనే యానిమే (జపాన్ టీవీ కార్టూన్) కుటుంబమే కనిపిస్తుందట. ఎనిమిదేళ్ల మా పాప ఎగిరి గంతులేస్తోంది. ఎగ్జిబిషన్ మైదానం పక్కన ఇల్లు తీసుకున్నట్టు అవుతుందేమోనని నాకు మాత్రం బెంగగా ఉంది. అక్కడ ఉండి వచ్చినవారు దయచేసి చెప్పండి.

జవాబు (సీతమ్మధార)
అమ్మా, నేను ఆ పేటలో మూడేళ్లు ఉన్నాను, మీ బెంగ అక్కరలేదు. ఆ బొమ్మల కథ రాసి గీసిన హసెగావా మచికో గారు ఆ ప్రాంతంలోనే నివసించారు. ఆమె నెలకొల్పిన కళా మ్యూజియం 1985 నుంచి అక్కడే ఉంది. స్టేషను నుంచి మ్యూజియం వైపు వెళ్లే అంగళ్ల వీధికి సజాయె-సాన్ పేరు పెట్టుకొని, 2012లో ఆ కుటుంబ సభ్యుల కాంస్య విగ్రహాలు నిలిపారు. తాతగారైన నమిహే నడినెత్తి మీద ఉండే ఒకే ఒక్క వెంట్రుకను ఎవరో పీకేయడం ఆ ఏడాది పెద్ద వార్త అయింది. మన బీచి రోడ్డులో కవులు, నాయకుల విగ్రహాల పక్క నుంచి నడిచిపోయినట్టే, నెల తిరిగేసరికి మీరూ తాతగారిని దాటుకొని కూరగాయలకు వెళతారు.

అసలు ఇబ్బంది రైలు. షిబుయా పది నిమిషాల దూరమే అయినా, సకురా-షిన్‌మాచిలో ఎక్స్‌ప్రెస్ ఆగదు. పైగా అది దాటిపోయేదాకా మన లోకల్ అక్కడే నిలబడి ఉండే సందర్భాలు ఉంటాయి. ఉదయం పూట రద్దీ విపరీతం. ఇంటికి అడ్వాన్సుతో పాటు, యజమానికి ఇచ్చే, మనకు తిరిగి రాని ‘రెయికిన్’ అనే కానుక కూడా చాలాచోట్ల అడుగుతారు. అది లేని ఇళ్లూ దొరుకుతాయి కనుక ముందే అడిగి చూడండి. చెత్త ఏ రకానిది ఏ రోజు బయట పెట్టాలో మొదటి వారంలోనే నేర్చుకోవాలి. నేను రెండుసార్లు తప్పు చేసి, ఇరుగుపొరుగువారి ముందు తల దించుకున్నాను.

జవాబు (పెదవాల్తేరు)
పాప కోసమే అయితే ఆలోచించండి. మన పిల్లలు టీవీలో చూసే మరో యానిమే పిల్లాడు షిన్‌చాన్ ఊరు కసుకాబె; అది సైతామా ప్రాంతంలో ఉంది, అక్కడి నుంచి రోజూ షిబుయాకు వెళ్లి రావడం కష్టం. సజాయె-సాన్ మాత్రం మన సముద్రతీరం వారికి తొందరగా దగ్గరవుతుంది. 1946లో ఫుకువోకాలో ఉండగా సముద్రపు ఒడ్డున తిరుగుతూ రచయిత్రి పాత్రలకు పేర్లు ఆలోచించారట. సజాయె అంటే శంఖం వంటి గుల్ల గల నత్త, తమ్ముడు కత్సువో అంటే సూర జాతి చేప, చెల్లెలు వకామే అంటే సముద్రపు నాచు, భర్త మసువో పేరూ చేపదే. ఫిషింగ్ హార్బరులో పేర్లు పెట్టినట్టు లేదూ!

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. చేపల పేర్లు చదివి వినిపించగానే పాప షిన్‌చాన్‌ను కాసేపు మరిచిపోయింది. రెయికిన్ లేని ఇల్లు చూడమని మావారికి ఇప్పుడే రాశాను. ఆ కార్యక్రమం ఏ రోజు వస్తుంది?

జవాబు (సీతమ్మధార)
ఆదివారం సాయంత్రం 6:30కి, 1969 నుంచి. అది అయిపోతుండగా మరునాటి ఆఫీసు గుర్తొచ్చి పెద్దవాళ్లకు దిగులు పట్టుకుంటుందని అక్కడ ఒక మాట ఉంది. ఆ దిగులుకు కూడా సజాయె-సాన్ పేరే పెట్టారు.