క్రాపీ చేపల వేటకు స్లిప్ బాబర్: దారం ఆగడం లేదు

ప్రశ్న:
డాలస్ దగ్గరి లూయిస్‌విల్ సరస్సులో డాక్ (నీటిపైకి కట్టిన వేదిక) మీది నుంచి క్రాపీ అనే మంచినీటి చేపలకు గాలం వేస్తుంటాను. వసంతంలో అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వచ్చినప్పుడు దారానికి బిగించే మామూలు బెండు సరిపోయింది గానీ, ఇప్పుడు 12 అడుగుల లోతుకు దిగాక, ఆరున్నర అడుగుల కర్రతో అంత దారం వేలాడదీసి విసరడం సాధ్యం కావడం లేదు. అందుకని స్లిప్ బాబర్, అంటే దారం మీద జారుతూ కావలసిన లోతు దగ్గర ఆగే బెండు, కొన్నాను. దారం బెండులోంచి ఆగకుండా జారి, ఎర నేరుగా అడుగుకు చేరుతోంది. కారణం ఏమై ఉంటుంది?

జవాబు 1:
మీరు పూస ఎక్కించలేదని అనుమానం. రీలు వైపు నుంచి ముడి (బెండును ఆపడానికి గాలపు దారం మీద వేరే దారపు ముక్కతో కట్టేది), పూస, బెండు, సీసపు గుండు, గాలం అన్న వరుస తప్పకూడదు. ముడి సన్నగా ఉండబట్టే కర్ర రింగులలోంచి దూరి రీలు మీద చుట్టుకుంటుంది. అంత సన్నని ముడి బెండు రంధ్రంలోంచీ దూరిపోతుంది కనుక, దానిని అక్కడ నిలిపేది పూస మాత్రమే. ముడిని తడిపి, రెండు కొసలూ లాగి బిగించండి. కొసలను మొదలంటా కత్తిరించవద్దు. అర అంగుళం వదిలితే రింగులలో వంగి జారిపోతాయి, పొట్టిగా ఉంటే ప్రతి రింగుకూ తగులుతాయి. ముడికి బదులు వాడే రబ్బరు స్టాపులు ఎక్కించడం తేలికే అయినా, చిన్న రింగులున్న కర్రకు నేను దారపు ముడినే ఎంచుకుంటాను.

జవాబు 2:
ముడి నిలిచాక లోతు సంగతి చూడండి. క్రాపీ తనకన్నా పైనున్న ఎర కోసం లేస్తుంది గానీ, కిందున్నదాని కోసం దిగడం అరుదు. చేపలు 12 అడుగుల వద్ద ఉంటే ముడిని 11 అడుగుల వద్ద పెట్టండి. విసిరిన తరువాత ఎంతసేపటికీ బెండు నిలబడకుండా పడుకునే ఉంటే ఎర అడుగును తాకినట్టే; ముడిని గాలం వైపు జరపండి. నిలబడిన బెండు ఉన్నట్టుండి ఒరిగితే మాత్రం, చేప ఎరను నోట పట్టి పైకి లేచిందని అర్థం. అప్పుడు గుంజకుండా మెల్లగా ఎత్తండి, ఎందుకంటే దాని నోటి పొర కాగితంలా చిరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ, పూస లేకుండానే కట్టాను. 1/32 ఔన్సు జిగ్ (తలకు బరువు పోతపోసిన గాలం) ఒక్కటే వాడితే చాలుతుందా?

జవాబు 1:
అంత తేలికైన జిగ్ దారాన్ని బెండులోంచి కిందికి లాగలేక సగంలోనే ఆగిపోవచ్చు, ముఖ్యంగా గాలి ఉన్న రోజు. జిగ్‌కు ఒక అడుగు ఎగువన దారానికి చిన్న సీసపు గుండు ఒకటి నొక్కండి. గుండు బరువెక్కితే బెండే మునిగిపోతుంది కాబట్టి, ఒడ్డు పక్కన ఒకసారి తేల్చి చూసుకున్నాకే విసరండి.