ఫిత్రత్: నాటకకర్త, విదేశాంగ మంత్రి ఒకరేనా?

నాటకాలపిచ్చి:
మధ్య ఆసియా నాటకాల గురించి చదువుతుంటే అబ్దురవూఫ్ ఫిత్రత్ పేరు తగిలింది. 1886లో బుఖారాలో (ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది) పుట్టిన ఉజ్బెక్ రచయిత. 1922లో బుఖారా ప్రజా సోవియట్ రిపబ్లిక్‌కి విదేశాంగ మంత్రి కూడా ఫిత్రతే అని ఇంకోచోట చూశాను. ఇద్దరూ ఒకరేనా? పైగా ఆయన నాటకాలు రెండు ఇండియాలో జరుగుతాయట, ఎందుకని?

పాతపుస్తకం:
ఒకరేనండీ. పర్షియన్ నేర్చుకునే రోజుల్లో ఆయన 'మునాజరా' నా చేతికొచ్చింది, అప్పటినుంచీ వదల్లేదు. ఇస్తాంబుల్‌లో చదువుకుంటూ రాసి, 1911లో అక్కడే అచ్చువేయించారు. హజ్‌కి బయల్దేరిన బుఖారా మదర్సా పంతులు ఒకాయన దారిలో ఇండియాలో ఆగుతాడు. అక్కడ ఒక యూరోపియన్‌తో వాదనకు దిగుతాడు. పుస్తకమంతా ఆ వాదనే. పంతులు ఎంత గట్టిగా మాట్లాడినా ఒక్కో మెట్టూ దిగుతూనే ఉంటాడు. సొంత ఊరి చదువులు ఎంత వెనకబడ్డాయో ఆయన నోటితోనే చెప్పించారు ఫిత్రత్. అంటే ఇండియా అప్పుడే ఆయన రాతల్లోకి వచ్చేసింది.

మీరు చెప్పిన నాటకాలు 'చిన్ సెవిష్' (నిజమైన ప్రేమ, 1920), 'హింద్ ఇఖ్తిలాల్చిలరి' (భారత విప్లవకారులు). రెండోది 1923లో బెర్లిన్‌లో అచ్చయింది. ప్రేమకథలే, కానీ ప్రేమికుల చుట్టూ ఉన్నది బ్రిటిష్ పాలన. తుర్కెస్తాన్ (రష్యా పాలించిన మధ్య ఆసియా ప్రాంతం) మీద రష్యా పెత్తనం గురించి స్టేజీ మీద బాహాటంగా అనలేని మాటలు బ్రిటిష్‌వాళ్ల మీద పెట్టి అనొచ్చు. నేనైతే వాటిని అలాగే చదువుతాను.

మంత్రి పదవి మాత్రం ఎంతోకాలం లేదు. 1920లో ఎర్రసైన్యం బుఖారాని ఏలే అమీర్‌ని తరిమేశాక ఏర్పడిన రిపబ్లిక్ అది, ఒక పక్క మాస్కో, ఇంకో పక్క అఫ్ఘానిస్తాన్. 1923లో ఆయన్నీ మరికొందరు మంత్రుల్నీ తప్పించి మాస్కో పంపేశారు. 'అబుల్‌ఫైజ్‌ఖాన్' 1924లో అక్కడే అచ్చయింది. సింహాసనం కోసం ఎవర్నైనా చంపించే రాజు కథ అది. నాకు ఆయన నాటకాలన్నిట్లో అదే గొప్పది.

తెరవెనక:
ఇలాగే నాటకాలూ దౌత్యమూ రెండూ చేసిన ఉజ్బెక్ రచయిత అబ్దుల్లా అవ్లోనీని కూడా చూడండి. 1914లో తాష్కెంట్‌లో 'పదర్‌కుష్' (తండ్రిని చంపినవాడు) నాటకం వేసినప్పుడు నటించారు, సొంతంగా నాటకాలు రాశారు, తర్వాత సోవియట్ దౌత్యవేత్తగా అఫ్ఘానిస్తాన్ వెళ్లారు.

నాటకాలపిచ్చి:
చాలా థాంక్స్ అండీ. మాస్కో నుంచి తిరిగొచ్చాక ఫిత్రత్ ఏమయ్యారు?

పాతపుస్తకం:
సమర్‌ఖండ్‌లో, తాష్కెంట్‌లో పాఠాలు చెప్పారు, సాహిత్య పరిశోధన చేశారు. 1937 ఏప్రిల్‌లో అరెస్టు చేశారు. 1938 అక్టోబర్ 4న తోటి ఉజ్బెక్ రచయితలు చోల్‌పాన్, ఖాదిరీలతో పాటు కాల్చేశారు. శిక్ష వేసినట్టు కాగితం మీద ఉన్న తేదీ అక్టోబర్ 5. ఈ రెండు తేదీలు పక్కపక్కన మొదటిసారి చూసిన రోజు ఇంకేమీ చదవలేకపోయాను.

ఆయన తొలినాళ్ల నాటకం 'బేగిజాన్' ప్రతి ఇప్పటికీ దొరకలేదు. మీరు మొదలుపెట్టాలంటే 'అబుల్‌ఫైజ్‌ఖాన్'తో మొదలుపెట్టండి. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినండి.